పాత పీట, కొత్త భయం: సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మా అత్తగారి నాటి టేకు పడక కుర్చీని ఊరి నుంచి తెచ్చుకున్నాం. రెండు రోజులుగా దాని కింద పిండిలాంటి పొడి రాలుతోంది. తలుపులకీ గుమ్మాలకీ పట్టేస్తుందని, కుర్చీని పారేయమని మావారి గొడవ. నాకు నిద్ర పట్టడం లేదు.
– ఓ గృహిణి, ఏలూరు

జవాబు: ముందు మీరు కుదుటపడండి, పారేసేంత కష్టం ఏమీ రాలేదు. ఇది చెదలు కాదు. చెదలైతే మట్టి గీతలు పాకుతాయి గానీ ఇలా మెత్తటి పిండి రాలదు. చెక్కను తొలిచే చిన్న పురుగు పని ఇది. అది తినేది మాను అంచున ఉండే తెల్లచెక్కని. టేకు చేవ దాని పంటికి దిగదు. మీ గుమ్మాలు చేవ టేకువైతే వాటి గురించి దిగులు వద్దు. పైగా బండిలో కుదుపులకి ఏనాటివో బెజ్జాల్లోంచి పాత పొడి రాలడం కూడా మామూలే.

కుర్చీని విడిగా ఒక గదిలో పెట్టి, కింద నల్ల కాగితం పరిచి, ఉన్న బెజ్జాల చుట్టూ సుద్దముక్కతో సున్నలు చుట్టండి. రెండు వారాల్లో కొత్త పొడి గానీ, సున్న లేని బెజ్జం గానీ కనిపిస్తే పురుగు ఇంకా బతికి ఉన్నట్టు. అప్పుడు పురుగుమందు కొట్టేవాళ్లని పిలిచి, బెజ్జాల్లోకి సూదితో మందు ఎక్కించమనండి. ఒక్కటి మాత్రం ఈరోజే చూడండి: గుడ్డ దూర్చే రెండు అడ్డకర్రలు. కుర్చీ ఎంత మంచి టేకుదైనా ఆ కర్రలు చాలాసార్లు చవక చెక్కవే, పురుగు మొదట చేరేదీ అక్కడికే. గోరుతో గట్టిగా నొక్కినప్పుడు లోపలికి దిగితే, కర్ర మార్పించేదాకా ఎవర్నీ కూర్చోనివ్వకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో పాత సామాను కొట్లో వందేళ్ల నాటిదంటే ఓ స్టూలు కొన్నాను. ఇంటికొచ్చి బోర్లిస్తే ప్లస్ గాడి స్క్రూలు కనిపించాయి. మోసపోయానా?
– ఓ ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: అప్పుడే ఆ మాట అనుకోకండి. ప్లస్ స్క్రూలు బజారుకొచ్చింది 1930లలో. కాబట్టి వందేళ్ల వయసు లేనిది ఆ స్క్రూకే, స్టూలుకి ఉండొచ్చు. అంతకాలం వాడిన స్టూలు ఒకటి రెండుసార్లైనా వడ్రంగి చేతికి వెళ్లకుండా ఉంటుందా? బోర్లించి చూడాలన్న ఆలోచన మీకు వచ్చింది చూశారా, కొనేముందు అది వస్తే ఇంకా బాగుండేది. పాదాలు ఆనించే అడ్డకమ్మీ నడుమ అరిగి, చివర్లు అరగకుండా ఉంటే నిజంగా మనుషులు కూర్చున్నదే. అన్నివైపులా ఒకే అరుగుదల, లోపలా బయటా ఒకే రంగు, అడుగున ప్లైవుడ్ ఉంటే మాత్రం కొత్తదానికి వయసు పూశారని అనుమానించండి.

ప్రశ్న: ఇక్కడ ఓ ఇరానీ హోటల్ మూసేస్తుంటే గుండ్రటి సీటు, వంపు వీపు కుర్చీలు నాలుగు కొన్నాను. అన్నీ కిర్రుమంటున్నాయి. కూర్చుంటే విరుగుతాయేమోనని భయం.
– ఓ పాఠకుడు, ముంబై

జవాబు: కిర్రుమనడం వాటి స్వభావం, విరగడానికి సూచన కాదు. ఆవిరిలో మెత్తబరిచి చెక్కను వంచే ఈ పద్ధతితో వియన్నా థోనెట్ కంపెనీ 1859లో తెచ్చిన కుర్చీలో ఉండేవి ఆరు చెక్క భాగాలు, పది స్క్రూలు, రెండు నట్లు. విప్పి పెట్టెలో సర్దితే ఘనమీటరులో 36 కుర్చీలు పట్టేవి. అంటే విప్పి బిగించడానికే పుట్టిన కుర్చీ అది. అడుగున స్క్రూలు బిగించండి, సగం చప్పుడు పోతుంది. 1869లో ఆ కంపెనీ హక్కు ముగిశాక ఎందరో అదే నమూనా చేశారు, కనుక థోనెట్ ముద్ర లేదని నిరాశపడకండి. వెనక కాలు సీటుని కలిసే చోట, వంపు పొడవునా చీలిక కనిపిస్తే మాత్రం ఆ ఒక్కదాన్నీ పక్కన పెట్టండి.

ప్రశ్న: తాతగారి స్టూలు కాలు ఊగుతోంది. మేకు కొడితే సరిపోతుందంటున్నాడు వడ్రంగి. కొట్టించనా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దమ్మా, మేకు కొడితే ఎండిన చెక్క చీలుతుంది, ఆ చీలిక ఇక అతకదు. కాలు ఊగడం పెద్ద జబ్బేమీ కాదు; పాతకాలం వాళ్లు సరేసుతో అతికించేవారు, ఎన్నో వానాకాలాల చెమ్మకి అది పట్టు వదులుతుంది. కాలు ఊడదీసి, పాత సరేసు వేడినీళ్ల గుడ్డతో తుడిచి, ఆరాక మళ్లీ అతికించి ఒక రోజు తాడుతో బిగించి ఉంచమనండి. కాలు దూరే చోట చెక్కే పగిలి ఉంటే అప్పుడు కొత్త ముక్క వేయించాలి.

ప్రశ్న: పేము కుర్చీ సీటు గిన్నెలా కుంగింది. ఇక పనికిరాదా?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బద్దలు తెగకపోతే భేషుగ్గా పనికొస్తుంది. కుర్చీని తిరగేసి, మెరుపు లేని కింది వైపున వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ అరగంట పరచండి. తర్వాత నీడన పూర్తిగా ఆరనివ్వండి. ఆరుతూ తనే బిగుస్తుంది. చట్రం అంచున బద్దలు తెగుతుంటే మాత్రం కొత్త అల్లికే దారి.

ప్రశ్న: పచ్చరంగు పాత చిన్న స్టూలు మా బాబుకి ఇచ్చాను. పాత రంగుల్లో సీసం ఉంటుందని ఎవరో అన్నారు. చేతులారా విషం ఇచ్చానా?
– ఓ తల్లి, వరంగల్

జవాబు: అంత మాట అనుకోకండి, ఆ స్టూలు మీద కూర్చున్నంత మాత్రాన, తాకినంత మాత్రాన సీసం ఒంట్లోకి పోదు. రంగు పెచ్చులో, పొడో నోట్లోకి వెళ్తేనే ఇబ్బంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు రంగు వేసిన సామాను విషయంలో జాగ్రత్త న్యాయమే. స్టూలు బాబుకి అందకుండా పెట్టండి, గరుకు కాగితంతో మీరే గీకడం మాత్రం వద్దు, ఆ దుమ్మే అసలు హాని. బాబు అంచులు కొరికేవాడైతే పిల్లల డాక్టరుకి చెప్పండి, మామూలు రక్తపరీక్షతో తేలిపోతుంది.

ప్రశ్న: నాన్నగారికి 78 ఏళ్లు. పీట మీదే భోంచేస్తానంటారు, లేచేటప్పుడు తూలుతున్నారు. మూడు కాళ్ల పాత స్టూలు దొరికింది, ఇవ్వొచ్చా?
– ఓ కూతురు, కర్నూలు

జవాబు: పీట నాలుగైదు అంగుళాల ఎత్తే కదా, ఆ వయసులో అక్కడి నుంచి లేవడం ఎవరికైనా కష్టమే. మూడు కాళ్ల స్టూలు మాత్రం ఇవ్వకండి. గతుకుల నేల మీద కూడా అది కదలకుండా నిలుస్తుంది, నిజమే. కానీ మనిషి రెండు కాళ్ల నడుమ ఖాళీ వైపు ఒరిగితే ఇట్టే పల్టీ కొడుతుంది. నేల నుంచి 17, 18 అంగుళాల ఎత్తున్న, చేతులున్న పాత కుర్చీ చూడండి. పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి. కుర్చీ మీంచి లేచినా తూలుతుంటే మాత్రం ఆయన్ని డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: అమ్మమ్మ జిట్రేగి కుర్చీని అమెరికా తీసుకెళ్లాలి. విమానాశ్రయంలో పట్టుకుంటారా?
– ఓ మనవరాలు, డాలస్

జవాబు: మీ కుర్చీ మీకు దక్కుతుంది, కాకపోతే కాగితాలు ముందే చూసుకోవాలి. జిట్రేగి, అంటే రోజ్‌వుడ్, 2017 నుంచి సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చింది. తయారైన సామానులో ఆ చెక్క 10 కిలోల లోపుంటే మినహాయింపు, దాటితే పర్మిట్ కావాలి. ముందు కుర్చీని తూయించండి. వందేళ్లు దాటిందన్న అనుమానం ఉంటే 1972 నాటి పురావస్తు చట్టం కూడా అడ్డొస్తుంది. ఇది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఇస్తుంది, టికెట్ కొనకముందే దానికి దరఖాస్తు పెట్టండి.