పాయలన్నిటికీ నీరు

రాజోలు

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. కాలేజీ వార్షికోత్సవంలో నిన్ను వేదిక మీదికి పిలుస్తూ "బహుముఖ ప్రజ్ఞాశాలి" అన్నారనీ, ఇంటికొస్తే బావగారు "అన్నిట్లో వేలు పెడితే ఒక్కటీ చేతికి రాదు" అని కోప్పడ్డారనీ రాశావు. లా చదువు, కవిత్వం, బొమ్మలు, ఈ మూడింట్లో ఏది వదిలెయ్యాలో చెప్పమని అడిగావు. ఏదీ వదలొద్దు. ఎందుకంటున్నానో కాస్త ఓపిగ్గా విను.

బహుముఖం అనేది మనుషులకు బిరుదైపోయింది గానీ మన సీమలో అది కంటికి కనబడే సంగతి. ధవళేశ్వరం దిగగానే గోదావరి గౌతమిగా, వాసిష్ఠగా చీలుతుంది. వాసిష్ఠలోంచి మళ్లీ వైనతేయ. వాసిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర, గౌతమి యానాం దాటాక సముద్రంలో పడతాయి. పెద్దవాళ్లు సప్త గోదావరులని ఏడు పేర్లు చెప్పేవారు. నది ముచ్చటపడి పాయలుగా చీలదు. పల్లానికి వచ్చేసరికి వడి తగ్గుతుంది. ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చిన ఒండ్రు దిగబడుతుంది. తన దారి తనే పూడ్చుకుని, పక్కకి ఒరుసుకుంటూ ఇంకో దారి చేసుకుంటుంది. మోసే బరువు లేకపోతే ఈ లంకలూ లేవు, ఈ పాయలూ లేవు.

అన్ని ముఖాల్లోనూ మంచినీరే ఉంటుందనుకోకు. వేసవిలో పైనుంచి నీరు తగ్గిందంటే పోటుతో పాటు సముద్రం పాయల్లోకి ఎగదన్నుతుంది. అప్పుడు ఏటిగట్టు రైతు మోటారు వేసే ముందు దోసెట్లో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకుంటాడు. ఉప్పు తగిలితే ఉమ్మేసి స్విచ్చి ముట్టుకోకుండా ఇంటికెళ్లిపోతాడు. మన రాజోలు వైపు చూడు. ఒకపక్క వాసిష్ఠ, ఒకపక్క వైనతేయ. రెండు నదుల మధ్య ఉండీ మన చేలకు నీళ్లు గన్నవరం అక్విడెక్టు మీదుగా రావాల్సిందే. కింద వైనతేయ, దాని నెత్తిన కాలవ. కాటన్ దొర కాలంలో, 1850ల్లో కట్టిన ఆ పాత కమానులు కొత్త వంతెన పక్కన ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఈసారి బస్సులో వచ్చేటప్పుడు కిటికీలోంచి చూడు. ఏడింటిలో ఒకటిగా పేరున్న కౌశిక సంగతీ నీకు తెలుసు. కనుమ నాడు గంగలకుర్రు అగ్రహారం ప్రభను భుజాల మీద మోస్తూ పీకల్లోతు నీళ్లలో దాటించేది దాన్నే. మిగతా రోజుల్లో అదొక మురుగు కాలవ.

కాబట్టి నిన్ను నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న "నాకు ఎన్ని ముఖాలు" అన్నది కాదు, "వీటన్నిటికీ నీరు ఎక్కణ్ణుంచి వస్తోంది" అన్నది. దీనికి మన నేల మీదే పుట్టిన ఇద్దరి గురించి చెబుతాను.

బోయి భీమన్న గారిది మన పక్కనే మామిడికుదురు. 1911లో పుట్టారు. కవి, నాటక రచయిత, పత్రికల్లో పనిచేశారు, ప్రభుత్వ అనువాద శాఖకు డైరెక్టరుగా చేశారు. "గుడిసెలు కాలిపోతున్నాయి"కి 1975లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, 2001లో పద్మభూషణ్ ఇచ్చారు. ఈ జాబితా చూస్తే ఎవరైనా బహుముఖ ప్రజ్ఞ అనేస్తారు, అక్కడితో ఆగిపోతారు. నువ్వు ఆగకు. "పాలేరు" నాటకం తీసి చదువు. కామందు ఇంట్లో పాలేరుగా ఉన్న కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని పశువుల దగ్గర మానిపించి బడికి పంపిన తల్లిదండ్రులున్నారని ఇటువైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత "రాగవాసిష్ఠం" చదువు. అందులో పురాణంలోని అరుంధతిని మాదిగ ఇంటి ఆడపిల్లగా నిలబెట్టి అదే సంగతి ఇంకో దారిలో అడిగారు. నా మటుకు నాకు "పాలేరే" పదునైనది. చదివాక నీకెలా అనిపించిందో రాయి.

ఇక బొజ్జా తారకం గారు. 1939లో కాట్రేనికోన దగ్గర కందికుప్పలో పుట్టారు. భీమన్న గారి అల్లుడు. నిజామాబాద్‌లో వకీలు, అక్కడే అంబేద్కర్ యువజన సంఘం పెట్టారు, ఎమర్జెన్సీలో జైలుకెళ్లారు. కవి కూడా. ఆయన కవితా సంపుటి పేరు "నది పుట్టిన గొంతుక". 1985 జూలైలో కారంచేడులో దళితుల మీద హత్యాకాండ జరిగినప్పుడు ఆయన హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలబడ్డారు. దళిత మహాసభను నిలబెట్టినవాళ్లలో ఒకరయ్యారు. లా చదివే పిల్లవి కాబట్టి ఆయన పుస్తకాల్లో నువ్వు ముందు చదవాల్సింది "పోలీసులు అరెస్టు చేస్తే". అరెస్టు అయిన మనిషికి ఏ హక్కులున్నాయో కోర్టు మెట్లెక్కని వాడికి కూడా అర్థమయ్యే తెలుగులో రాసిన చిన్న పుస్తకం. ఆయనలో కవి లేకపోతే వకీలుకు ఆ తెలుగు వచ్చేది కాదని నా నమ్మకం. ఆయన భార్య, భీమన్న గారి అమ్మాయి విజయభారతి గారు అంబేద్కర్ జీవితాన్ని తెలుగులో రాశారు. ముగ్గురివీ మూడు దారులు, కానీ వెనకున్నది ఒకే ఆరాటం.

వీళ్లెవరూ పది పనులు నేర్చుకుందామని బయల్దేరినవాళ్లు కాదమ్మా. నాటకంతో కాని పని పద్యంతో, కోర్టులో కాని పని కరపత్రంతో చెయ్యాల్సి వచ్చి ఒక్కో దారి తెరుచుకున్నవాళ్లు. నీ విషయంలో నా బెంగల్లా ఒకటే. కవిత పోటీకి, బొమ్మ ఫోన్లో పెట్టడానికి, లా పరీక్షకి అని దేనికది విడిగా పెడుతున్నావు. అలాగే ఉంటే పెళ్లీ ఉద్యోగం వచ్చేసరికి రెండు పూడుకుపోతాయి. బావగారి భయం అందుకే, ఆయన మీద కోపం పెట్టుకోకు. పరీక్షలు దగ్గరపడ్డ రోజుల్లో లా చదువుకే ఎక్కువ వేళ ఇయ్యి. ఆ రెండూ కాస్త సన్నబడినా ఫరవాలేదు.

కిందటి నెల న్యాయ సహాయ శిబిరంలో చూసిన కొబ్బరి దింపు కార్మికుడి గురించి రెండు పేజీలు రాశావు గుర్తుందా? చెట్టు మీంచి పడి నడుం విరిగినవాడు. కొబ్బరి అభివృద్ధి బోర్డు బీమా ఒకటి ఉందని ఆయనకు పడ్డాక తెలిసిందన్నావు. ఆ రెండు పేజీల్లో నువ్వు మార్జినులో గీసిన చిన్న బొమ్మ, చెట్టుకి కరుచుకున్న ఆ మనిషి కాళ్లు, నీ పోటీ కవితలన్నిటికంటే నన్ను ఎక్కువ పట్టుకుంది. ఆ బీమాకి ఎవరు అర్హులో, ఏ కాగితాలు కావాలో, ఎక్కడ ఇవ్వాలో కనుక్కుని ఒకే ఒక్క పేజీలో తెలుగులో రాయి. చదువు రానివాడికి కూడా తెలిసేలా పక్కన బొమ్మలు వెయ్యి. లా మాట ఒక్కటి కూడా అర్థం కాకుండా ఉండకూడదు. రాసి నాకు పంపు. అంబాజీపేటలో దింపు వాళ్లూ ఒలుపు వాళ్లూ పొద్దున్నే టీ తాగే చోట నేనే చదివి వినిపిస్తాను. వాళ్లకి ఎక్కడ అర్థం కాలేదో గీత పెట్టి నీకు తిప్పి పంపుతాను.

అక్కకి మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయలేదు నువ్వు. ఈసారి మర్చిపోకు.

ఆశీస్సులతో,
మీ మావయ్య