చర్చి అతిథులు, అనాథాశ్రమం పిల్లలు

ప్రశ్న: అమెరికాలో మా అన్నావాళ్ల చర్చి నుంచి పదిమంది కర్నూలు దగ్గరి క్రైస్తవ అనాథాశ్రమానికి వారం రోజుల సేవకు వస్తామంటున్నారు. ఏం చూసుకోవాలి?
– ఓ పాఠకుడు, కడప

జవాబు: ఆశ్రమం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద నమోదై ఉండాలి. మొదట అడగాల్సింది ఆ పత్రమే. జీతం లేని సేవ నెలలోపైతే టూరిస్టు వీసా చాలు; మతప్రచారానికి మిషనరీ వీసా కావాలి. విదేశీ విరాళం తీసుకోవాలంటే ఆశ్రమానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) అనుమతి తప్పదు.

వచ్చిన గంటకే ఓ పాప కొత్త అక్క చెయ్యి పట్టుకుని వదలదు. ముద్దుగానే ఉంటుంది గానీ, మనుషులు వచ్చిపోతుండే చోట పిల్లలకు తరచూ పడే అలవాటది. వారం తర్వాత ఏడ్చేదీ ఆ పాపే. అందుకే అతిథులకు గోడలకు సున్నం, నీళ్ల తొట్టి మరమ్మతు లాంటి పనులు మేలు. స్నానాలు, నిద్రపుచ్చడం రోజూ ఉండే ఆయమ్మకే వదలాలి. పిల్లల్ని గుర్తుపట్టేలా ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం.

దెబ్బలు, వేధింపుల అనుమానం వస్తే వెంటనే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి, లేదా జిల్లా బాలల సంక్షేమ కమిటీని కలవాలి.