నలభై దాటాక డాక్టరు చదువు: ఆశపడే ముందు తెలుసుకోవలసినవి



మా ఆస్పత్రికి వచ్చేవారిలో కొందరు మందుచీటీ చేతికి వచ్చినా కుర్చీలోంచి లేవరు. మనసులో ఇంకో మాట ఉంటుంది. ఒకరోజు బీపీ చూపించుకోవడానికి వచ్చిన ఒక స్కూలు మాస్టారు అలాగే కూర్చుండిపోయి మా డాక్టరమ్మను ఇలా అడిగారు:

"డాక్టరమ్మా, నాకు నలభై నిండినయి. చిన్నప్పుడు డాక్టరు కావాలనుకున్న. ఇంట్ల పైసలు లేక బీఈడీ చేసిన. పోయినేడు మా నాయినకు పక్షవాతం వచ్చింది. అదేందో మాకు ఎరుక కాలే. తెల్లారినంక దవాఖానకు తీసుకపోతే టైము దాటిందన్నరు. అప్పటిసంది మనసుల ఒకటే ముచ్చట. నౌకరీ ఇడిసి ఇప్పుడు చదివితే అయితదా?"

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, బ్యాంకు ఉద్యోగులు, పిల్లలు పెద్దవాళ్లయిన తల్లులు కూడా మమ్మల్ని అడుగుతుంటారు. "తప్పకుండా అవుతుంది" అని ఉత్సాహపరచి పంపడం తేలిక. "ఈ వయసులో ఎందుకు" అని కొట్టిపారేయడం ఇంకా తేలిక. రెండింటివల్లా ఇంటిల్లిపాదీ నష్టపోవచ్చు. అందుకే ఈ నెల పాఠంగా ఈ విషయాన్ని తీసుకున్నాము.

1. మన నేల మీదే ఒక ఉదాహరణ

మన పాలమూరు ప్రాంతపు వైద్యసేవ చరిత్రలో డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ పేరు ఉంది. ఆమె 1870లో దక్షిణ రష్యాలో ఒక మెన్నోనైట్ కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో అమెరికాలోని కాన్సస్‌కు వలస వెళ్లారు. మొదట నర్సు శిక్షణ పొందారు. ముప్పై దాటిన తర్వాత వైద్య కళాశాలలో చేరి హోమియోపతి వైద్యం చదివారు. 1907లో నిజాం సంస్థానానికి వచ్చేటప్పటికి ఆమె వయసు 36 దాటింది. నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాల్లో సేవ చేశారు. 1928లో శంషాబాద్‌లో ఆస్పత్రి ప్రారంభమైంది. 1945లో కన్నుమూసేవరకు ఆమె అక్కడే ఉన్నారు.

ఆ రోజుల్లో మగ డాక్టరు ముందుకు రావడానికి ఇష్టపడని స్త్రీలు ఎందరో ఉండేవారు. అలాంటివారికి ఒక స్త్రీ వైద్యురాలు దొరకడమంటే చిన్న సంగతి కాదు. ఆలస్యంగా మొదలుపెట్టినా ఆమెకు సుమారు 37 ఏళ్ల సేవాకాలం దక్కింది. అయితే ఒక తేడా గమనించండి. ఆమె పెళ్లి చేసుకోలేదు. పిల్లల ఫీజులు, ఇంటి అప్పులు ఆమె మీద లేవు. మనలో చాలామంది పరిస్థితి అది కాదు.

2. పాత పని వృథా కాదు

వెల్లూరులో కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసి పేరుపొందిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టారు. ఆయన ముందు నేర్చుకున్నది వడ్రంగం, తాపీపని. ఆ తర్వాతే వైద్యం చదివి 1946లో వెల్లూరు వచ్చారు. వంకరపోయిన వేళ్లకు కండరాల స్నాయువులను మార్చి అమర్చే పనిలో, రోగులకు చేతిపనులు నేర్పించడంలో ఆ వడ్రంగి చెయ్యి ఆయనకు అక్కరకు వచ్చింది.

లండన్‌లో సిసిలీ సాండర్స్ యుద్ధకాలంలో నర్సు. నడుము నొప్పివల్ల ఆ పని మానవలసి వచ్చి, ఆస్పత్రిలో సమాజసేవికగా చేరారు. మరణానికి దగ్గరైన రోగుల బాధ చూసి, 33 ఏళ్ల వయసులో వైద్యవిద్యలో చేరారు. 1957లో డాక్టరయ్యారు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించారు. ఆఖరి రోజుల్లో ఉన్నవారికి నొప్పి తగ్గించే వైద్యం ఈనాడు ఇంతగా వ్యాపించడానికి ఆమె కృషి ఒక ముఖ్య కారణం.

వీరిద్దరూ పాత పనిని మరచిపోయి డాక్టర్లు కాలేదు. దాన్ని వెంట తెచ్చుకుని డాక్టర్లయ్యారు.

3. నియమాలు ఏమంటున్నాయి?

ఒకప్పుడు ఎంబీబీఎస్ ప్రవేశపరీక్షకు 25 ఏళ్లు, రిజర్వేషన్ వర్గాలకు 30 ఏళ్లు గరిష్ఠ వయసుగా పెట్టారు. దాని మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషన్ ఆ పరిమితిని తొలగిస్తున్నట్టు తెలిపింది. అంతకుముందే, 2020లో, ఒడిశాలో రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగి 64 ఏళ్ల వయసులో నీట్ పాసై బుర్లాలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరారు.

కాబట్టి వయసు అడ్డు కాదు. కానీ ఈ సంగతులు గుర్తుంచుకోండి.

అ) ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి. ఎంపీసీ చదివినవారు బయాలజీని అదనపు సబ్జెక్టుగా తర్వాత పాసైనా చెల్లుతుందని 2023లో కమిషన్ ప్రకటించింది.

ఆ) నీట్‌లో "క్వాలిఫై" కావడం వేరు, సీటు రావడం వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ప్రభుత్వ కళాశాలలో సీటు రావాలంటే అర్హత మార్కుల కన్నా ఎంతో ఎక్కువ రావాలి.

ఇ) ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. మొదటి సంవత్సరం పరీక్షకు నాలుగు అవకాశాలే ఉంటాయి. చేరిన నాటినుంచి తొమ్మిదేళ్లలో చదువు ముగించాలి.

ఈ విషయంలో మన జిల్లాల వారికి ఒక మేలు జరిగింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఏ కళాశాలలో సీటు వస్తుందన్నది ర్యాంకును బట్టి ఉంటుంది గాని, ఇల్లు వదిలి దూరం పోవలసిన అవసరం మునుపటికన్నా తగ్గింది.

4. ఏళ్ల లెక్క, పైసల లెక్క

మాస్టారి ముందు మా డాక్టరమ్మ ఒక కాగితం పెట్టి లెక్క రాయించారు. నలభై ఏళ్లకు మొదలుపెడితే పరీక్షకు తయారు కావడానికి రెండేళ్లు. చదువు, ఇంటర్న్‌షిప్ కలిపి ఐదున్నరేళ్లు. అంటే నలభై ఏడు దాటుతుంది. స్పెషలిస్టు కావాలంటే ఇంకా మూడేళ్లు. సీటు దొరకడానికి పట్టే కాలం అదనం. ప్రభుత్వ కొలువుల నోటిఫికేషన్లలో వయోపరిమితి ఉంటుంది. చదువు ముగిశాక ఆ తలుపు తెరిచి ఉంటుందో లేదో ముందే చూసుకోవాలి.

ఆపైన పైసల లెక్క. ప్రభుత్వ కళాశాలలో ఫీజు వేలల్లో ఉంటుంది. ప్రైవేటు మేనేజ్‌మెంటు కోటాలో ఏడాదికి లక్షల్లో ఉంటుంది. కానీ ఫీజు కన్నా పెద్ద ఖర్చు ఒకటుంది: ఐదారేళ్లు ఆగిపోయే జీతం. ఆ కాలంలోనే బిడ్డ ఇంటర్‌కు రావచ్చు, అమ్మకు కంటి ఆపరేషన్ పడవచ్చు. "రెండెకరాలు అమ్ముత" అని కొందరు తేలిగ్గా అంటారు. ఆ భూమిమీద ఎవరెవరి బతుకు ఆధారపడి ఉందో వారందరినీ కూర్చోబెట్టి అడగకుండా ఆ మాట అనవద్దు.

వయసు తెచ్చే కష్టం కూడా ఉంది. ఎముకల పేర్లు, మందుల పేర్లు కంఠతా రావడం ఇరవై ఏళ్లప్పుడు ఉన్నంత సులువు కాదు. రాత్రి డ్యూటీలు బీపీ, షుగరు ఉన్నవారికి భారం. తన కొడుకు ఈడువారి పక్కన కూర్చోవాలి, తనకన్నా చిన్నవారు మందలిస్తే ఓర్చుకోవాలి. అదే వయసు ఇచ్చే బలమూ ఉంది. తండ్రిని పోగొట్టుకున్నవారికి వార్డు బయట ఏడుస్తున్న మనిషితో ఎలా మాట్లాడాలో ఎవరూ నేర్పనక్కరలేదు.

5. రెండు హెచ్చరికలు

మొదటిది: "నీట్ అక్కరలేదు, విదేశంలో ఎంబీబీఎస్ చేయిస్తాం" అనే ఏజెంట్ల మాట నమ్మవద్దు. విదేశంలో చదివినా నీట్ అర్హత కావాలి. 2021 నవంబరు నిబంధనల ప్రకారం అక్కడ కనీసం 54 నెలల చదువు, 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. తిరిగి వచ్చాక మన దేశపు పరీక్ష పాసై, ఇక్కడ కూడా ఇంటర్న్‌షిప్ చేయాలి.

రెండవది: "ఆస్పత్రిలో ఇన్నేళ్లు చూసి నేర్చుకున్న, ఊళ్లో బోర్డు పెట్టుకుంట" అనుకోవడం. రిజిస్ట్రేషన్ లేకుండా డాక్టరుగా వైద్యం చేస్తే 2019 నాటి చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా ఉండవచ్చు. అంతకన్నా పెద్ద నష్టం, మనల్ని నమ్మి వచ్చిన మనిషికి తప్పు మందు పడటం.

6. వేరే తలుపులు

అందరికీ ఎంబీబీఎస్సే దారి కాదు. నర్సింగు కోర్సులకు సాధారణంగా 35 ఏళ్ల వరకు అవకాశం ఉంది. ల్యాబ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ చదువులూ ఉన్నాయి. చదువు లేకుండా ఈ రోజే చేయగల సేవ కూడా ఉంది. మూతి ఒకవైపు వంకరపోవడం, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం గుర్తులు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు. "తెల్లారినంక చూద్దాం" అనకుండా వెంటనే 108కి ఫోను చేయాలి. లక్షణాలు మొదలైన టైము గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పాలి. ఈ నాలుగు మాటలు ఊరందరికీ తెలిస్తే కొన్ని ప్రాణాలు, కొన్ని కాళ్లూ చేతులూ నిలుస్తాయి.

మాస్టారు ఏం చేశారు?

నెల తర్వాత భార్యతో కలిసి వచ్చారు. లెక్కల కాగితం మడతలు పడి నలిగిపోయి ఉంది. ఆయనకు ఇంటర్‌లో బైపీసీ ఉండటం ఒక ఊరట. నౌకరీ మానకుండానే రెండుసార్లు నీట్ రాయాలని, ప్రభుత్వ కళాశాలలో సీటు వస్తేనే జీతం లేని సెలవు అడగాలని, లేకపోతే ఆ ముచ్చట అక్కడితో ఆపాలని ఇద్దరూ అనుకున్నారట. భూమి ముట్టుకోరు. "రాయనియ్యుండ్రి డాక్టరమ్మా. రాయకుంటే జిందగీ అంతా నాకు ఇదే కత చెప్తడు" అని ఆమె నవ్వారు. పోతూపోతూ మాస్టారు పక్షవాతం గుర్తుల కరపత్రాలు యాభై అడిగి తీసుకున్నారు, బడిలో పిల్లలకు పంచడానికి.

ఆయనకు సీటు వస్తుందో రాదో మేము చెప్పలేము. ఆయన లెక్క మాత్రం సరిగ్గా వేసుకున్నారు.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

1. నాకు డాక్టరు చదువు కావాలా, డాక్టరు అనే పేరు కావాలా?
2. ఐదున్నరేళ్లు జీతం లేకపోతే ఇల్లు ఎలా నడుస్తుంది? ఆ భారం ఎవరి మీద పడుతుంది?
3. ఎన్నిసార్లు ప్రయత్నించి ఆపాలని ముందే అనుకున్నామా?
4. ఇప్పుడున్న పనిలోనే రోగులకు ఉపయోగపడే దారి ఏదైనా ఉందా?
5. మన ఇంట్లో అందరికీ పక్షవాతం గుర్తులు తెలుసా? ఈ రాత్రే ఒకరినొకరు అడిగి చూసుకోండి.