కవచ పరీక్ష

కర్ణునికి కవచం పుట్టుకతోనే వచ్చింది. దాని బలాన్ని శంకించవలసిన అవసరం అతనికి కలగలేదు. నేటి స్మార్ట్‌ఫోన్‌కు తొడిగే కవచం మానవ నిర్మితం. బ్యాంకు లావాదేవీలు, ఆప్తుల ఛాయాచిత్రాలు, చదువుకు సంబంధించిన సమాచారం ఒకే పరికరంలో ఇమిడి ఉన్నప్పుడు, దానిని కాపాడే కవచాన్ని పరీక్షించకుండా నమ్మడం వివేకం కాదు.

1906లో ఏర్పడిన అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ఇందుకొక ప్రమాణాన్ని రూపొందించింది. దాని సంఖ్య 60529. కవచాలపై కనిపించే ‘ఐ.పి. 67’, ‘ఐ.పి. 68’ అనే గుర్తులు ఆ ప్రమాణానికి చెందినవే. వీటిలో మొదటి అంకె దుమ్మును, రెండవ అంకె నీటిని నిరోధించే శక్తిని తెలుపుతాయి. 6 అంటే దుమ్ము ఏ మాత్రం లోపలికి చొరబడదని అర్థం. 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా హాని కలిగించేంత నీరు లోపలికి చేరదని అర్థం. 8 అంతకంటె కఠినమైన పరీక్షను సూచిస్తుంది. అయితే ఆ పరీక్షలో లోతు ఎంతో, కాలం ఎంతో తయారీదారు పేర్కొంటాడు. కాబట్టి ‘68’ గుర్తు గల రెండు కవచాల సామర్థ్యం ఒకటే కానవసరం లేదు. పైగా ఈ పరీక్షలు జరిగేది మంచినీటితో. సముద్రపు ఉప్పునీటికి, సబ్బునీటికి ఆ ఫలితం వర్తించదు.

కింద పడినప్పటి దెబ్బకు వేరొక పరీక్ష ఉంది. 1962లో తొలిసారి వెలువడిన అమెరికా సైనిక ప్రమాణం ‘మిల్ స్టాండర్డ్ 810’ ప్రకారం, చేతిలో మోసే పరికరాన్ని 122 సెంటీమీటర్ల ఎత్తు నుండి 26 సార్లు పడవేస్తారు. ఈ సంఖ్యకు కారణం గణితమే. దీర్ఘఘనానికి 6 తలాలు, 12 అంచులు, 8 మూలలు ఉంటాయి. ప్రతి ఒక్కటీ ఒకసారి నేలను తాకాలి. అయితే ఈ 26 పతనాలను 5 నమూనాల వరకు పంచుకోవడానికి ఆ ప్రమాణం అనుమతిస్తుంది. అందువల్ల ఒకే కవచం అన్ని దెబ్బలనూ తట్టుకొన్నదని భావించరాదు.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష సులభమైనది. ఫోను బదులు పొడి కాగితాన్ని లోపల ఉంచి, కవచాన్ని మూసి, బరువు కట్టి, బకెట్టు నీటిలో అరగంట ముంచాలి. బయటి తడిని తుడిచి తెరచి చూడాలి. కాగితం తడిస్తే లోపం చాలావరకు గాస్కెట్‌లో ఉంటుంది. ఇది ప్రెషర్ కుక్కర్ మూతలో ఉండే రబ్బరు వలయం వంటిదే. దానిపై ఒక వెంట్రుక గాని, ఇసుక రేణువు గాని నిలిచినా నీటికి దారి దొరుకుతుంది. బకెట్టు ఒక మీటరు లోతు ఉండదు కనుక, అందులో నెగ్గిన కవచం చెరువులోనూ నెగ్గుతుందని చెప్పలేము. ఓడిన కవచాన్ని మాత్రం నిస్సందేహంగా పక్కన పెట్టవచ్చు. రబ్బరు కాలక్రమంలో గట్టిపడుతుంది. దెబ్బలకు అంచులు వంగుతాయి. కాబట్టి కవచం కింద పడిన ప్రతిసారీ ఈ పరీక్షను తిరిగి చేయడం మంచిది.

కఠిన పదాలు – అర్థాలు
శంకించు : అనుమానించు
వివేకం : మంచిచెడులు తెలిసిన తెలివి
పతనం : పడటం
రేణువు : సన్నని కణం

ప్రశ్నలు
1. ‘ఐ.పి. 67’ గుర్తులోని అంకెలు దేనిని తెలుపుతాయి?
2. పరికరాన్ని 26 సార్లు పడవేయడానికి కారణమేమి?
3. బకెట్టు పరీక్షలో నెగ్గిన కవచాన్ని పూర్తిగా నమ్మవచ్చునా? చర్చించండి.