గిడ్డంగి కప్పుకు గాలివలన కలుగు ముప్పు

సహకార గిడ్డంగుల రేకులపై ఎండవేడికి థర్మాకోలు పలకలు పఱచి, రాళ్లుంచి ఊరకుండువారు గలరు. అది చాలదు. గాలి కప్పును నొక్కునని తలంతురు గాని, మీదుగా వడిగ పోవునపుడు పైకి లాగును. తెఱచిన తలుపున జొచ్చిన గాలి లోనుండి త్రోయును.

ఐ.ఎస్. 875 (2015) ప్రమాణము హైదరాబాదు ప్రాంతమునకు సెకనుకు 44 మీటర్ల గాలివేగము నిర్ణయించినది. మన మీర్‌పేటకును అదియే లెక్క. ఆ వేగమున ఒత్తిడి చదరపు మీటరునకు రమారమి 118 కిలోలు. పలక బరువో, ఒకటి రెండు కిలోలు!

కావున వెడల్పు బిళ్ళలు తొడిగిన మరమేకులను పలకగుండ క్రింది యినుప దూలమువఱకు దింపవలెను. పల్చని రేకునకే బిగించిన మేకు ఊడిరావచ్చును. అంచులను, విశేషించి మూలలను, మేకులు దట్టముగ నుండవలెను. లాగుడు అచ్చటనే మిక్కుటము. పొదుపు చేయదలచిన నడుమ చేయుడు, మూలల వలదు. ఒక్క పలక లేచిన పైనున్న నీటిపొర చినిగి, మేకు రంధ్రములగుండ వాన ధాన్యపు బస్తాలపై దిగును.