కాలా, పాదమా? - ప్రశ్నావళి అనువాదం నేర్పే పాఠం

అనువాదం అనగానే మన విద్యార్థులకు కావ్యాలు, నాటకాలు, నవలలు స్ఫురిస్తాయి. కాని రోగి చేతికిచ్చే ప్రశ్నల పత్రాన్ని అనువదించడం కూడ భాషావేత్తకు కఠిన పరీక్షయే. గ్రీకు భాషలో జరిగిన అట్టి కృషి నొకదానిని ఇక్కడ పరిశీలిస్తున్నాము.

జ్వరాన్ని కొలవడానికి సాధనం ఉన్నది. పాదాల నొప్పికి రోగి చెప్పే మాటయే కొలమానం. ఇందుకై ఇంగ్లండులోని మాంచెస్టరులో రూపొందిన 19 అంశాల ప్రశ్నావళి 2000 సంవత్సరంలో ప్రకటితమయింది. నొప్పి వలన దూరం నడవడం మానుకున్నారా, ఎక్కువసేపు నిలబడలేకపోతున్నారా, ఇంటిపనికి ఇతరుల సాయం కావలసి వస్తున్నదా, పాదాలు నలుగురికీ కనబడితే బిడియపడుతున్నారా అని అది విచారిస్తుంది.

చిక్కు మొదటి మాటలోనే ఉన్నది. ఇంగ్లీషులో కాలికి ఒక మాట, పాదానికి వేరొక మాట. గ్రీకు వాడుకలో 'పోది' అనే మాట రెండింటికీ చెల్లుతుంది. మన 'కాలు' కూడ అంతే. 'కాలు నొస్తున్నది' అన్న అవ్వ మోకాలినైనా చూపవచ్చు, మడమనైనా చూపవచ్చు. మోకాలి నొప్పి పాదాల లెక్కలో చేరితే వైద్యుని నిర్ణయం తప్పుతుంది. బాధ రోగికే మిగులుతుంది.

గ్రీసు నుండి వలస వెళ్లిన కుటుంబాలు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో అనేకం ఉన్నవి. అక్కడి లాట్రోబ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాల్గొన్న గ్రీకు అనువాదం 2008లో వెలువడింది. రెండు భాషలూ తెలిసిన విషయనిపుణులు ముగ్గురు, భాషానిపుణులు ఇద్దరు ప్రశ్నలను గ్రీకులోనికి మార్చారు. తరువాత వాటిని తిరిగి ఇంగ్లీషులోనికి అనువదించి మూలంతో సరిపోల్చారు.

ఈ తిరుగు అనువాదం అవసరమే గాని, అదొక్కటే చాలదని మా అభిప్రాయం. సందర్భం తెలిసిన పండితుడు 'పోది'ని పాదమనియే తిరిగి వ్రాయగలడు. అదే ప్రశ్న చదివిన వృద్ధురాలు తన మోకాలిని తలచుకోవచ్చు. ఆ తేడా కాగితంపై కనబడదు. కనుక తుది పరీక్ష బాధితుల వద్దనే జరగాలి.

పరిశోధకులు పాదాల నొప్పిగల 104 మంది గ్రీకు భాషీయులైన వృద్ధులకు ప్రశ్నావళి నిచ్చారు. జవాబులలోని పరస్పర పొందికను తెలిపే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.89 వచ్చింది. ఇది 1కి చేరువైన కొద్దీ పొందిక ఎక్కువని అర్థం. సాధారణ ఆరోగ్యాన్ని విచారించే మరొక ప్రశ్నావళి జవాబులతోనూ పొంతన మధ్యస్థంగా కనిపించింది. మొదటిది విశ్వసనీయతకు, రెండవది సప్రమాణతకు నిదర్శనం. అయినను కొన్ని ప్రశ్నలు మూలంలో ఉన్న వర్గం విడిచి వేరొక వర్గంలో చేరాయి. అనువాదం ఎంత జాగ్రత్తగా జరిగినా, ప్రశ్నావళిని క్రొత్త భాషలో మరల పరీక్షింపవలసినదే.

మన విద్యార్థులలో అనేకులు ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడేవారు. ఆసుపత్రిలో తల్లికో, పొరుగింటి పెద్దమ్మకో దుబాసీగా నిలువవలసిన దినం వారికి తప్పక వస్తుంది. ఉర్దూలో 'టాంగ్', 'పావ్' అని వేర్వేరు మాటలున్నవి. తెలుగులో రెండూ 'కాలు'గా మారిపోవచ్చు. ఆనాడు 'కాలు నొప్పియట' అని చెప్పి ఊరకుండవద్దు. ఎక్కడ నొప్పియో వేలితో చూపమని అడిగి, ఆ చోటి పేరే వైద్యునికి చెప్పవలెనని మా మనవి.