రిసీవరు బ్యాటరీ నాడి పట్టడం

నా రేడియో కంట్రోల్ మోడల్ విమానం ఒకరోజు గాలిలో ఉండగానే మాట వినడం మానేసి నేలకు గుద్దుకుంది. లోపలి రిసీవరు బ్యాటరీ అయిపోయింది! ఎగరేసేముందు మీటరు 5 వోల్టులు చూపించిందే, మరి పొరపాటెక్కడ?

ఆ ప్యాకులో నాలుగు నికెల్-కాడ్మియం సెల్స్, ఒక్కొక్కటి 1.2 చొప్పున మొత్తం 4.8 వోల్టులు. వీటి వోల్టేజి చాలాసేపు నిలకడగా ఉండి, ఆఖర్న ఒక్కసారిగా పడిపోతుంది. పైగా లోడు లేకుండా చూస్తే అలసిన సెల్ కూడా బాగానే కనిపిస్తుంది. చుక్కాని తిప్పే సర్వో మోటార్లు కరెంటు లాగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

అందుకే ఇప్పుడు ప్రతిసారీ ఎగరేసేముందు 10 ఓముల, 5 వాట్ల రెసిస్టరును బ్యాటరీ రెండు కొసలకూ కలిపి, సుమారు అర ఆంపియరు లాగుతుండగా పది సెకన్లు మీటరు చూస్తాను. 4.8కి తగ్గిందా, ఆ రోజుకి విమానం పెట్టెలోకే! రెసిస్టరు ఖరీదు కొద్ది రూపాయలు. విమానం మూడు నెలల శ్రమ.